నాయన సైకిలుకు సారు బిగించిన గేర్లు

పొద్దున టీ పెట్టుకుంటుంటే ఫోను ఆగకుండా మోగుతూనే ఉంది. మా పదో తరగతి వాళ్ళ వాట్సాప్ గ్రూపు అది. రోజూ పూల బొమ్మలూ శుభోదయాలూ తప్ప మరొకటి రాదు కాబట్టి చాలాసార్లు తిట్టుకుని చూడకుండానే మూసేస్తాను. ఆ రోజు పూల బొమ్మలకు బదులు డ్రిల్లు సారు ఫోటో వచ్చింది. కింద ‘మన సారు ఇక లేరు’ అని ఉంది. దాని కింద వరసగా దండాల బొమ్మలు. టీ పొంగి పొయ్యి మీద పడుతున్నా నేను ఫోటోనే చూస్తూ నిలబడ్డాను.

కాసేపటికి కబుర్లు మొదలయ్యాయి. సారు ఈల, సారు బూట్లు, సారు తిట్లు. ఎవడో సైకిలు సంగతి ఎత్తాడు. ఇంకొకామె ఏకంగా నా పేరు పెట్టి, ‘ఏమ్మే, నువ్వు రాయి సారు గురించి. సారుకు నువ్వంటే ప్రాణం గదా’ అని రాసింది. ఎదురుగా ఉంటే దాని నోరు మూసేదాన్నే. ఇంట్లో ఎవరూ లేకపోయినా ఆ మాటకు సిగ్గేసి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఎందుకంటే పదో తరగతి తర్వాత, సారు కన్ను మూసేదాకా, మా ఇద్దరి మధ్యా ఒక్క మాట కూడా లేదు. ఒకే ప్రాంతంలో బతికాం, ఒకే రోడ్ల మీద తిరిగాం. అయినా లేదు.

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. పొగడ్డానికి నాకు నోరు రాదు. జరిగింది చెబుతాను.

మాది ఎర్రగుంట్ల దగ్గర బడి. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పడీ పడీ బడి ముందున్న వేపచెట్టు ఆకులు కూడా బూడిద రంగులో ఉండేవి. ఆటస్థలం అని పేరే గానీ అదంతా నాపరాళ్ళ ముక్కలే. పరుగెత్తి పడ్డామంటే మోకాలి చిప్ప కనబడేది. సారు ఆ నేల మీద నడుస్తూ నడుస్తూనే వంగి ఒక రాయి తీసి ప్యాంటు జేబులో వేసుకునేవారు. మాట్లాడుతూ వంగేవారు, ఈల ఊదుతూ వంగేవారు, హెడ్మాస్టరు ఏదో చెబుతుంటే సరే సార్ సరే సార్ అంటూ వంగేవారు. సాయంత్రానికి రెండు జేబులూ బరువెక్కి ప్యాంటు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని పోయి గోడ బయట గుమ్మరించేవారు. మేం నవ్వితే, “నవ్వండిరా నవ్వండి. మీ మోకాళ్ళు నాకు శానా పని పెడతాండాయి” అనేవారు. ఆయన చాకిరీ చేసిన అన్నేళ్ళలో ఆ నేలలో రాళ్ళు తరిగినట్టు ఎవరికీ కనబడలేదు. ఆయన మాత్రం ఏరడం మానలేదు.

ఎవరైనా పడితే పరుగున వచ్చేవారు కాదు. దూరం నుంచే అరిచేవారు. “ముందు లెయ్యి! ఏడ్చేది తర్వాత చూసుకుందాం!” లేచాక మాత్రం తనే దగ్గర కూర్చుని, ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ మందు పూసేవారు. ఆయనకు పడనిది ఒక్కటే, దిష్టి. ఒకసారి ఆటల పోటీల రోజున బడి గేటుకు ఎవరో నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. సారు దాన్ని తెంపి, మిరపకాయలు వంటామె చేతిలో పెట్టి, “పప్పులో వెయ్యమ్మా, ఎందుకు పాడు చేసేది” అన్నారు. నిమ్మకాయను సోడాలో పిండుకుని మా అందరి ముందరే తాగారు. బడి మొత్తం నోరెళ్ళబెట్టి చూసింది.

మా నాయన సిమెంటు ఫ్యాక్టరీలో మూటలెత్తే కూలి. ఆయనకో సైకిలు ఉండేది. ప్రొద్దుటూరులో ఎవరి దగ్గరో చవగ్గా కొన్న పాత సైకిలు. ఏ కంపెనీదో పేరు చెరిగిపోయి, మా అమ్మ కాపురానికి రాకముందు నుంచే తుప్పు పట్టి ఉండేదట. నాయనకు ఎక్కువగా రాత్రి డ్యూటీలే కాబట్టి పగలు ఆయన నిద్రపోయేటప్పుడు నేను దాన్ని బడికి తొక్కుకుంటూ పోయేదాన్ని. మగవాళ్ళ సైకిలు, మధ్యలో అడ్డ కడ్డీ. మా ఊరి ఆటోవాడు దారిలో నన్ను చూసి ఎగతాళిగా హారన్ కొట్టేవాడు. నాకు చిన్నప్పటి నుంచీ ఏడుపు కంటే కోపం ముందొస్తుంది. వాణ్ణి దాటేదాకా ఊరుకునేదాన్ని కాదు.

అలా దాటుతున్న రోజున సారు రోడ్డు పక్కన టీ తాగుతూ చూశారట. బడి గేటు దగ్గర నన్ను ఆపారు. “ఎవరి పాపవు మ్మే నువ్వు? ఆ ఇనుప గాడిదను అంత జోరుగా ఎట్ల తోలుకొస్తాండావు?” సైకిలును అట్లా అన్నందుకు నాకు కోపం వచ్చింది. “మా నాయనది సార్ అది” అన్నాను. ఆయన పకపకా నవ్వి, దండం పెట్టినట్టు సైకిలు హ్యాండిలు ముట్టుకుని, “తప్పయిపాయ” అన్నారు.

సారు కాలేజీ రోజుల్లో సైకిలు పందేలు తొక్కినవారు. ఎప్పటికైనా ఒక మంచి రేసు సైకిలు తన చేత్తో తయారు చేసుకోవాలని ఆయనకో పిచ్చి. బెంగుళూరు పోయినప్పుడల్లా ఒక్కో వస్తువు తెచ్చేవారు. సన్నటి చక్రాలు, తేలికైన పెడళ్ళు, మెరిసే గేర్ల సెట్టు. పందేలు మానుకున్న స్నేహితుడొకాయన ఇచ్చినవి కొన్ని. వాటన్నిటినీ భార్య పాత చీరల్లో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టుకున్నారు. వాటిని బిగించడానికి మంచి ఫ్రేము మాత్రం ఏనాడూ కుదరలేదు. “కాళ్ళూ చేతులూ తెచ్చి పెట్టుకున్యాడు. ఒళ్ళు మాత్రం తెచ్చుకోల్యా” అని ఆమె అందరి ముందూ ఆటపట్టించేది.

ఆ ఏడాది కడపలో అమ్మాయిలకు సైకిలు పోటీలు పెడుతున్నారని తెలిసింది. గెలిచిన వాళ్ళకు క్రీడల హాస్టల్లో సీటు. తిండి, చదువు అంతా వాళ్ళదే. పదో తరగతి తర్వాత నన్ను చదివించడం తన వల్ల కాదని నాయన అప్పటికే చెప్పేశాడు. సారు మా ఇంటికి వచ్చి, నులక మంచం మీద కూర్చుని, మా నాయనమ్మ, మేం జేజి అంటాం, ఇచ్చిన మజ్జిగ తాగి, అసలు సంగతి చెప్పారు. సైకిలు ఇస్తే దానికి తన పెట్టెలోని సామానంతా బిగిస్తానన్నారు.

నాయన లేచి సైకిలు క్యారేజీ మీద చెయ్యి వేశాడు. “ఏమన్నా చేసుకోండి సార్. క్యారేజీ మాత్రం పీకొద్దు, స్టాండు పీకొద్దు. నాకు రేత్రికి డ్యూటీ ఉండాది.”

“రేసు సైకిలుకు క్యారేజీ ఉంటాదా అప్పా యాడన్నా?”

“నా సైకిలుకు ఉంటాది సార్.”

క్యారేజీ ఉండిపోయింది.

ఆదివారాలు సారు ఇంటి వెనక రిపేరు సాగేది. రిపేరు అనడమే గానీ చూసేవాళ్ళకు అది కుస్తీ. ఏదీ దేనికీ సరిపోదు. వెనక చక్రం పట్టే ఫోర్కు ఇరుకు, కొత్త చక్రం వెడల్పు. లారీ డ్రైవరు దగ్గర జాకీ అడిగి తెచ్చి, ఫోర్కు మధ్య పెట్టి తిప్పి తిప్పి వెడల్పు చేశారు. ఒకసారి ఎక్కువ తిప్పి, మళ్ళీ నన్నూ తన భార్యనూ చెరో పక్క పట్టుకుని లోపలికి నొక్కమన్నారు. బేరింగు గుండ్లు కింద పడితే కోళ్ళు గింజలనుకుని పరుగెత్తుకొచ్చాయి. చైనును ఒక పండ్ల చక్రం నుంచి ఇంకో దానికి తోసే పరికరం ఒకటి ఉంటుంది. వెనక చక్రం పక్కన వంకీ తిరిగి వేలాడుతుంది. మా జేజి దాన్ని చూసి “తేలు మాదిరి ఉండాది” అన్నది మొదలు అందరికీ అది తేలే. దాన్ని తగిలించడానికి పాత ఫ్రేములో చోటే లేదు. సారు ఇనుప రేకు ముక్కను వెల్డింగు షాపులో అతికించి, ఆకురాయితో రుద్ది రుద్ది, చేతులు బొబ్బలెక్కించుకుని తగిలించారు. అది గేరు మారి టక్కుమన్నప్పుడు మేం ముగ్గురం కేక పెట్టాం. సారు భార్య చేతిలోని గరిటె కింద పడేసి చప్పట్లు కొట్టింది.

“తొక్కుడు గట్టిగా ఉన్నెప్పుడు గేరు మార్చొద్దు మ్మే. మార్చేటప్పుడు కాళ్ళు మెత్తగ ఉండాల” అని నాకు పదే పదే చెప్పేవారు. ఆ మాట తర్వాత నన్ను ఎన్నేళ్ళు కాల్చుకు తిన్నదో!

తుప్పు ఫ్రేముకు వెండిలా మెరిసే చక్రాలు, వెనక తాళ్ళు చుట్టిన క్యారేజీ. ఊరంతా చూడ్డానికి వచ్చింది. “బర్రెకు వెండి పట్టీలు పెట్టినట్టుండాదప్పా” అన్నారు. ఫ్యాక్టరీలో నాయన సైకిలు చుట్టూ జనం మూగేవారట. అందరి కళ్ళూ తేలు మీదే. జేజి భయపడి ఎర్రనీళ్ళు తిప్పిపోస్తానంటే సారు ఒప్పుకోలేదు. “దీనికి కావాల్సింది గ్రీజు అవ్వా, దిష్టి గాదు” అన్నారు.

పోటీ రోజున లారీలో సైకిలు వేసుకుని కడప పోయాం. కర్నూలు నుంచి వచ్చిన అమ్మాయిలు ఒంటికి అంటుకున్న బట్టల్లో, అసలైన రేసు సైకిళ్ళతో ఉన్నారు. నా క్యారేజీ చూసి ఒకమ్మాయి, “మమ్మల్ని కూడా ఎక్కించుకుపోతావా?” అంది. నా ఒళ్ళు మండింది. సారు మాత్రం ఆ రోజు మామూలుగా లేరు. పోటీ మొదలయ్యే ముందు నన్ను నీళ్ళు తాగి రమ్మని పంపారు. నేను తిరిగి వచ్చేసరికి వెనక చక్రం దగ్గర గొంతుకూర్చుని ఏదో సర్దుతున్నారు. నూనె చుక్క వేస్తున్నారనుకున్నాను.

తొక్కాను. ఎగతాళి చేసినదాన్ని దాటాను, ఇంకొకరిని దాటాను. కమలాపురం రోడ్డులో చిన్న ఎత్తు వచ్చింది. నా ముందు ఎవరూ లేరు. దేవుడి మీద ఒట్టు, ఎవరూ లేరు. గేరు మార్చాను. ఫెళ్ళుమని చప్పుడైంది. తేలు చక్రంలోకి దూరింది, చక్రం బిగుసుకుపోయింది, నేను రోడ్డు మీద ఉన్నాను. నేను దాటి వచ్చిన వాళ్ళంతా ఒక్కొక్కరే నన్ను దాటి పోతుంటే మోచేతుల మీద లేచి చూశాను.

వెనకే వస్తున్న పోటీవాళ్ళ జీపులోంచి సారు దూకి వచ్చారు. ‘ముందు లెయ్యి’ అనలేదు. నా వైపు చూడలేదు. నేరుగా చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూలబడి, ఊచల్లో వేళ్ళు పెట్టి ఏదో పీకి, ఆటస్థలంలో రాయి ఏరినట్టే జేబులో వేసుకున్నారు. విరిగిన ముక్క అనుకున్నాను. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి మందు పూశారు. ఊదలేదు. ఇంటికి చేరేదాకా లారీలో నాకు వీపు పెట్టే కూర్చున్నారు.

నాకు అర్థమైపోయింది, లేదా అయిందనుకున్నాను. ఎత్తు మీద గట్టిగా తొక్కుతూ గేరు మార్చింది నేనే. ఎన్నేళ్ళుగానో చీరల్లో చుట్టి దాచుకున్నదాన్ని ఒక్క పూటలో విరగ్గొట్టింది నేనే. అంత మనిషి నా ముఖం కూడా చూడటం లేదంటే ఎంత కడుపు మండి ఉంటుంది! మర్నాటి నుంచి డ్రిల్లు పీరియడులో కడుపునొప్పి అని క్లాసులోనే కూర్చున్నాను. సారు పిలవలేదు. పిలవకపోయేసరికి కోపం నిజమేనని ఖాయం చేసుకున్నాను. నాయన పాత చక్రాలు మళ్ళీ వేయించుకున్నాడు. సారు సామాను తిరిగి ఇచ్చి రమ్మంటే నేను పోలేదు, తమ్ముణ్ణి పంపాను. హాస్టలు సీటు పోయింది. పెళ్ళయ్యాక ప్రైవేటుగా పరీక్షలు రాసుకున్నాను. పెళ్ళి కార్డు కూడా తమ్ముడి చేతే పంపాను. సారు రాలేదు.

గ్రూపులో వార్త చూసిన రోజు నాకు కదలడానికి లేకపోయింది. తర్వాత సెలవు దొరికిన రోజున ఎర్రగుంట్ల స్టేషను వెనక ఉన్న వాళ్ళింటికి పోయాను. సారు భార్య గుమ్మంలోనే గుర్తుపట్టింది. “ఇన్నాళ్ళకు దావ తెలిసిందా మ్మే?” అంది. తిట్టినట్టు లేదు. అదే నన్ను కూలదోసింది. చాప మీద కూర్చుని భోరున ఏడ్చాను.

“సారు సామాను నేను ఇరగ్గొట్టినానమ్మా. చెప్పిన మాట వినకుండా గేరు మార్చినా. ఏం ముఖం పెట్టుకొని రావాల?”

ఆమె నా వైపు అలాగే చూసింది. “నువ్వు ఇరగ్గొట్టడమేంది?”

“నేనే గదమ్మా.”

“నీకు తెలీదా? ఇన్నేండ్లూ తెలీదా నీకు?” అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. “ఆ పొద్దు ఇంట్లోంచి తెల్లార్తోనే పాయ. దావలో దర్గా ఉండాది సూడు, ఆడ ఫకీరు కాడ నల్లతాడు మంత్రించుకున్యాడంట. దిష్టి అంటే పండ్లు కొరికే మనిషి! ‘ఊరంతా సూస్తాండారు, పాపకేమన్నా అయితే’ అని బయమంట. పిల్లోళ్ళ ముందర సిగ్గని నిన్ను నీళ్ళకు పంపి, ఎవురికీ కనపడకుండా తేలుకు కట్నాడు. ఆ తాడు కొస చక్రంలో పడె. చక్రంలోంచి పీక్కొని జేబులో ఏసుకున్యాడు. ఇంటికొచ్చి నా ముందర పెట్టి, మొగోడు, సిన్న బిడ్డ మాదిరి ఏడ్సినాడు మ్మే. ‘పాప గెలిసేది. నా చేత్తో పడగొడ్తి’ అని.”

“నాకు చెప్పుంటే...”

“ఎన్నితూర్లు చెప్పమంటినో! ‘ఏం ముఖం పెట్టుకొని పోవాల’ అంటాండె. సీటు పాయ గదా నీది. నీ పెండ్లికి గూడా అంగీ ఏసుకొని బయట్దాకా పొయ్యి తిరుక్కోనొచ్చె.”

నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చింది కోపమే. దండ వేసిన ఫోటోలో నవ్వుతున్న మనిషిని చూసి పళ్ళు కొరుక్కున్నాను. ఒక్క మాట, సార్! నిమ్మకాయ పిండుకుని బడి మొత్తం ముందు తాగినవారు, ఒక్క మాట నాకు చెప్పలేకపోయారా! అంత కోపంలోనూ, ఆ కోపం కింద ఉన్నదేమిటో నాకు తెలుస్తూనే ఉంది. సారు సిగ్గుపడింది నా సీటు పోయినందుకు. నేను? ఒక ఇనుప ముక్క కోసం సారు నా మీద పగబట్టారని నమ్మాను. తన ఆదివారాలన్నీ నా కోసం చేతులు కాయలు కాయించుకున్న మనిషిని అంత చిన్నవాడిగా లెక్కేశాను. ఒక్కసారి పోయి ‘సార్, తప్పయిపాయ’ అని ఉంటే, నాయన సైకిలు హ్యాండిలు ముట్టుకుని ఆయన అన్నట్టు నేనూ అని ఉంటే, ఆయన సిగ్గు కూడా ఆ రోజే తీరిపోయేది. ఆయన పెద్దవారు, ముందు ఆయనే రావాలనుకున్నానా? కాదు. నాకు తిట్లు పడతాయని భయం, అంతే.

ఆమె అన్నం పెట్టింది. చావు జరిగిన ఇంట్లో ‘పోయొస్తా’ అనకూడదు కాబట్టి చెప్పకుండానే లేచాను. గడప దాటుతుంటే ఆమె వెనక నుంచి అంది. “కడ దినాల్లో ఆస్పత్రికి కర్నూలు పోవాల్సొస్తాండె. నాలుగు రోడ్ల కాడికి పొయ్యి, నువ్వుండే బస్సయితే ఎక్కకుండా నిలబడుకుంటాండె. ఇంకోదానికి పోతాలే అని, ఆ ఎండలో.”

నేను ఇప్పుడు బస్సు కండక్టరుని. కడప నుంచి ఎర్రగుంట్ల, జమ్మలమడుగు మీదుగా కర్నూలు పోయే బస్సు. ఆమెకు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మొన్న ఎండాకాలంలో ఎర్రగుంట్ల నాలుగు రోడ్ల దగ్గర బస్సు ఆగింది. జనం ఎక్కారు. సారు చేతిసంచి పట్టుకుని, బాగా చిక్కిపోయి, నీడలేని చోట నిలబడి ఉన్నారు. కిటికీలోంచి నన్ను చూశారు. చూసి గబుక్కున అటు తిరిగి, గోడ మీద చిరిగిపోయిన పోస్టరును చదువుతున్నట్టు నిలబడ్డారు. లోపల ముందు సీట్లు ఖాళీగా ఉన్నాయి. నేను టికెట్ల మిషను మీదికి తల వంచుకున్నాను.

“ఆ పెద్దాయన ఎక్కుతాడేమో సూడుమ్మా” అన్నాడు డ్రైవరు.

“ఎక్కడులేన్నా. పోనీ” అన్నాను.